టుసిలాగో నాడాలు తీసిన శనివారం

స్టెల్లాన్ కనిపెట్టిన పద్ధతికి మొట్టమొదటి సూత్రం ఇది: సొంత గుర్రం మీద పందెం కాయకూడదు. రంపపు మిల్లు కాఫీ గదిలో ఈ మాట బయటపడ్డ రోజున గూడ్రున్ చేతిలో ఉన్న దాల్చినచెక్క బన్నును కొరకకుండానే పళ్ళెంలో పెట్టేసింది. గూడ్రున్ బన్ను కింద పెట్టిందంటే మామూలు సంగతి కాదు. ముప్పై ఏళ్ళుగా ఆ క్యాంటీన్ నడుపుతున్న మనిషి ఆవిడ.

"ఒరేయ్, సొంత గుర్రం మీద కాయకపోతే ఎవరి గుర్రం మీద కాస్తావురా? మీ అత్తగారి గుర్రం మీదా?"

"మూడేళ్ళబట్టీ ప్రతిసారీ దాన్నే మేకు కొడుతున్నాం గదక్కా. ప్రతిసారీ ఆ మేకు మన కాలికే గుచ్చుకుంటోంది."

శనివారం చీటీలో ఏడు పందేలుంటాయి. ఏడింటిలోనూ ఏ గుర్రం గెలుస్తుందో ముందే చెప్పాలి. ఒక్కో పందేనికి నాలుగైదు గుర్రాలు పెట్టుకోవచ్చు గాని, గుర్రాలు పెరిగేకొద్దీ చీటీ ఖరీదు కొండెక్కుతుంది. అందుకని ఏదో ఒక పందెంలో ఒకే ఒక్క గుర్రాన్ని నమ్ముకుని, మిగిలిన డబ్బు వేరే పందేల్లో వెదజల్లుతారు. ఆ ఒక్క గుర్రాన్ని పెట్టడాన్నే మేకు కొట్టడం అంటారు. మేకు నిలిచిందా, చీటీ నిలిచింది. ఊడిందా, మిగతావన్నీ సరిగ్గా చెప్పినా చేతికొచ్చేది చిల్లర.

మా హెల్సింగ్లాండ్ జిల్లాలో పదిమంది కలిసి గుర్రాన్ని కొనుక్కున్న ప్రతిచోటా రాయని చట్టం ఒకటుంది. మన గుర్రం పరుగులో ఉన్న శనివారం మేకు మన గుర్రమే. అలా చేయకపోవడమంటే, కన్నకూతురు స్కూల్లో పాట పాడుతుంటే లేచి బయటికి వెళ్ళిపోవడం లాంటిది. మిల్లులో తొమ్మిదిమంది వాటాదారులూ ఈ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించి, తు.చ. తప్పకుండా ఓడిపోయారు.

ఎందుకంటే టుసిలాగో అందమైన గుర్రమే గాని, బుద్ధిమంతురాలు కాదు. ఈ పందేల్లో గుర్రాలు దౌడు తీయకూడదు. రెండు చక్రాల చిన్న బండిలో మనిషిని లాగుతూ, ఎంత వేగమైనా సరే, అడుగులు వేస్తూనే పోవాలి. దౌడందుకుంటే పక్కకు తప్పిస్తారు. టుసిలాగోకి మొదటి మలుపు రాగానే ఒళ్ళు పులకరించేది. నాలుగు కాళ్ళూ గాల్లోకి లేపి దౌడందుకునేది. ఆ తర్వాత చెవులు నిక్కబొడుచుకుని, తనేదో ఘనకార్యం చేసినట్టు జనం వంక చూసేది. మూడేళ్ళలో అది ఒక్కసారి కూడా మొదటి స్థానానికి రాలేదు.

ఈ శరత్కాలానికి వాటాదారుల ఓపిక అడుగంటింది. చలికాలమంతా లాయం అద్దె, మేత, వైద్యం ఎవరు భరిస్తారు? నలుగురు చేతులెత్తేశారు. దేశం దక్షిణ కొస నుంచి క్రిస్టెర్ అనే గుర్రాల వ్యాపారి ఫోను చేసి, పిల్లల్ని ఈనడానికి పనికొస్తుంది, డెన్మార్క్‌కి తీసుకుపోతానన్నాడు. సరే అమ్మేద్దాం అని అందరూ అంటున్నప్పుడు స్టెల్లాన్ లేచి నిలబడి, చలికాలం డబ్బు తన పద్ధతితో తెస్తాననీ, తేలేకపోతే అక్టోబరు చివరి పందెం సాయంత్రం క్రిస్టెర్‌కి సంతకం పెట్టేయండనీ అన్నాడు.

అతనికి ఎందుకంత పట్టుదల అంటే, ఆ గుర్రమంటే అతనికి ప్రాణం. అంతే, ఇందులో దాచేదేమీ లేదు. రోజూ పొద్దున షిఫ్టుకు ముందు లాయానికి వెళ్ళి మేత వేసేది అతనే. టుసిలాగో అతని కోటు జేబులో మూతి దూర్చి కరకరలాడే రై రొట్టె ముక్క వెతుక్కునేది. ఆ వెచ్చటి ఊపిరి జేబులో తగిలిన రోజున, కలప ఆరబెట్టే గదుల వేడి కూడా అతనికి చల్లగానే అనిపించేది.

మిల్లులో అతని పని ఆ గదుల దగ్గరే. ఆరిందనుకున్న కలపను అతనెప్పుడూ నమ్మడు. మధ్యలోంచి ఒక ముక్క లాగి, కోసి, తూచి, అప్పుడే సరేనంటాడు. పందేలనూ అలాగే పట్టుకున్నాడు. వేసవంతా ఉత్తుత్తి పందేలు కాశాడు. పైసా పెట్టకుండా, పందేనికి ముందు తన మాట గోడకున్న బోర్డు మీద రాసి, తర్వాత ఎర్ర సుద్దతో తప్పో ఒప్పో గుర్తు పెట్టేవాడు. మూడు సూత్రాలు నిలిచాయి. ఒకటి, సొంత గుర్రాన్ని ముట్టుకోకు, దాన్ని చూసే కళ్ళు అబద్ధం చెబుతాయి. రెండు, జీవితంలో మొదటిసారి నాడాలు లేకుండా పరుగెత్తే గుర్రాన్ని వదలకు. కాళ్ళు తేలికై అది తనకే తెలియని వేగం చూపిస్తుంది. మూడు, అలాంటిది లేని పందెంలో తెలివి చూపించకు. జనమంతా నమ్మినదాన్నే మేకు కొట్టి, డబ్బు ఆదా చెయ్యి.

సెప్టెంబరు నుంచి నిజం డబ్బుతో పరీక్ష. మొదటి శనివారం పోయింది. రెండోదీ పోయింది. గూడ్రున్ అతని కప్పులో కాఫీ సగమే పోసింది. తర్వాత ఒకటి తగిలింది, ఇంకొకటి తగిలింది. కాఫీ కప్పు నిండింది. చివరి శనివారం నాటికి చలికాలం ఖర్చులో సగం పోగైంది. మిగతా సగం ఈ రోజే రావాలి. రాకపోతే టుసిలాగోని తీసుకుపోదామని క్రిస్టెర్ గుర్రాలను తరలించే పెద్ద బండితో సహా వచ్చి మైదానం గేటు దగ్గరే నిలబడ్డాడు.

ఆ రోజు ఎండ కాసింది. అక్టోబరు చివర ఎండ అంటే మా ఊళ్ళో జనానికి పండగే. కోట్లు విప్పి చేత్తో పట్టుకుని తిరుగుతున్నారు. స్టెల్లాన్ బెంచీ మీద కూర్చుని ఫోనులో చీటీ చివరిసారి సరిచూసుకుంటున్నాడు. ఏడో పందెంలోనే టుసిలాగో ఉంది. దాన్ని తీసేస్తే ఆ పందెంలో పద్ధతికి సరిపోయేది ఏదీ లేదు. అందుకే మూడో సూత్రం ప్రకారం బారన్ బ్రోడ్ అనే నల్ల గుర్రాన్ని మేకు కొట్టాడు. బారన్ వరసగా ఆరు పందేలు గెలిచి వచ్చింది, మైదానంలో సగంమంది మేకు అదే.

అప్పుడు తూవా పరుగున వచ్చింది. టుసిలాగోకి శిక్షణ ఇచ్చేదీ, బండి తోలేదీ ఆ పిల్లే. మోచేతుల దాకా దుమ్ము, చేతిలో పట్టకారు.

"బాబాయ్, నాడాలు తీసేశా!"

"ఎవరివి?"

"నావా మరి? టుస్సీవి! నాలుగూ! వేసవిలో గిట్టలు భలే గట్టిపడ్డాయి. నేల పొడిగా, మెత్తగా ఉంది. చలికాలం మొదలైతే ఎటూ తీయనివ్వరు. చివరి పందెమైతే చివరి పందెం, ఒక్కసారి ఉత్త కాళ్ళతో పోనిద్దామని తీసేశా. పందేల ఆఫీసులో చెప్పి వచ్చా కూడా."

స్టెల్లాన్ ఫోనులో ఏడో పందెం మళ్ళీ తెరిచాడు. మొదటిసారి నాడాలు లేకుండా పరుగెత్తే గుర్రం. రెండో సూత్రం. వేసవంతా ఎర్ర సుద్దతో ఒప్పు గుర్తులు తెచ్చిపెట్టిన సూత్రం. ఏడో పందెంలో పద్ధతికి సరిపోయే గుర్రం ఉండనే ఉంది, మొదటి సూత్రం దాన్ని కంటికి ఆనకుండా చేసింది.

గూడ్రున్ పక్కనే ఉంది, ఆవిడ చెవులు పాము చెవులు. "ఇంకేంరా, కొట్టు మేకు! టుస్సీని కొట్టు! నీ నోటితో నువ్వు చెప్పిందేగా!"

"కుదరదక్కా."

"ఎందుకు కుదరదు?"

"సొంత గుర్రం. వేసవంతా దాన్ని పక్కనబెట్టే గదా పరీక్ష చేశా. చివరి రోజున సూత్రం మారిస్తే ఇంక పరీక్షేముంది? నాకు అది గెలుస్తుందని అనిపిస్తోందంటే... ఒట్టు, అనిపిస్తోంది! అదే భయం. నాకు మూడేళ్ళుగా అలాగే అనిపిస్తోంది."

"రెండూ పెట్టు పోనీ. బారనూ, టుస్సీ."

"చీటీ ఖరీదు రెండింతలు. మిగతా పందేల్లోంచి కొయ్యాలి. కోస్తే అక్కడ ఊడుతుంది."

"నీ మొహం. గుండె తీసి బీరువాలో పెట్టుకున్నావు."

ఆ మాట అతనికి తగలవలసిన చోటే తగిలింది. అయినా బొటనవేలు నొక్కాడు. చీటీ వెళ్ళిపోయింది.

పందేలు మొదలయ్యాయి. మొదటిదానిలో అతను పెట్టిన నాలుగింటిలో ఒకటి గెలిచింది. రెండోదానిలో ఎవరూ లెక్కచేయని ఎర్రగుర్రం, నాడాలు లేనిది, చివర్లో అందరినీ దాటేసింది. స్టెల్లాన్ బెంచీ మీంచి లేచాడు, మళ్ళీ కూర్చోలేదు. మూడు. నాలుగు. మిగతా వాటాదారులు ఒక్కొక్కరే సాసేజీ కొట్టు వదిలి అతని చుట్టూ మూగారు. చేతులెత్తేసిన నలుగురు కూడా వచ్చారు. అయిదోది నెగ్గినప్పుడు రంపం దగ్గర పనిచేసే హెన్నింగ్, మూడు పూటలా తిండికి తప్ప దేనికీ చలించని మనిషి, రొట్టెలో చుట్టిన సాసేజీని కొరకడం ఆపాడు. ఆరోదానిలో రెండు గుర్రాలు ముక్కులు కలిపి గీత దాటాయి. ఫొటో చూసి చెబుతామన్నారు. తెర మీద అంకె వెలిగేదాకా తొమ్మిదిమందీ ఊపిరి పీల్చారో లేదో చెప్పలేను.

"మనదే! మనదేరా బాబూ!" గూడ్రున్ స్టెల్లాన్ వీపు మీద ఒక్కటి చరిచింది. అతని టోపీ ఎగిరి ముందు వరసలో పడింది.

ఆరుకు ఆరు. ఇక మిగిలింది ఒక్కటే. బారన్ గెలిస్తే చలికాలమే కాదు, వచ్చే వేసవి మేత కూడా వచ్చేస్తుంది. బారన్ ఓడితే, ఆరు చెప్పినవాళ్ళకిచ్చే చిల్లరతో కాఫీ గదికి బన్నులు వస్తాయి.

అప్పుడు హెన్నింగ్, నోట్లోది మింగి, అడిగాడు. "ఆగండాగండి. అంటే మన గుర్రాన్ని మనం ఉంచుకోవాలంటే మన గుర్రం ఓడిపోవాలా?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయితే ఇప్పుడు ఎవరి పేరు అరవాలి?" అన్నాడు హెన్నింగ్.

"బారన్ పేరు," అన్నాడు స్టెల్లాన్. అతని గొంతు అతనికే నచ్చలేదు.

పందెం మొదలుపెట్టించే కారు, రెండు పక్కలా గేటుల్లాంటి పొడవాటి రెక్కలు చాచి, గుర్రాలను వెంటబెట్టుకుని వేగమందుకుంది. రెక్కలు ముడుచుకున్నాయి, కారు పక్కకు తప్పుకుంది, పన్నెండు గుర్రాలు ఒక్కసారి కట్టు తెగినట్టు ముందుకు ఉరికాయి. బారన్ సరాసరి లోపలి గీత పట్టుకుని ముందుకు వెళ్ళిపోయింది. టుసిలాగో వెనక వరసలో, దుమ్ములో, ఎక్కడుందో కనిపించనే లేదు.

"బారన్! బారన్!" అని తొమ్మిదిమందీ అరిచారు. అరుపులో ఉప్పూ కారం లేవు.

మొదటి మలుపు. స్టెల్లాన్ కళ్ళు మూసుకున్నాడు. ఇక్కడే ఆ పిచ్చిది కాళ్ళు లేపుతుంది. చుట్టూ జనం గోల. దౌడు అన్న మాట కోసం చెవులు రిక్కించి విన్నాడు. మైకులో ఎవరిదో పేరు చెప్పి దౌడు అన్నారు. టుసిలాగో కాదు. దాని పక్కన పోతున్న బూడిదరంగు గుర్రం. కళ్ళు తెరిచేసరికి టుసిలాగో మలుపు దాటి వచ్చేసింది. నాలుగు కాళ్ళూ కుట్టుమిషను సూదిలా టకటకా పడుతున్నాయి. అసలు నేలను తాకుతున్నాయా అన్నంత తేలిక.

"దాటేసిందిరా!" గూడ్రున్ అరిచి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కాదు కాదు. బారన్! బారన్!"

రెండో చుట్టు. ముందున్నవి ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. తూవా ఇంకాసేపు ఓపిక పట్టి, అప్పుడు పగ్గాలు వదులు చేసి బయటికి లాగింది. మూడో వరసలోకి. అక్కడి నుంచి పోవడమంటే దూరం ఎక్కువ, పిచ్చి సాహసం. టుసిలాగో ఒక్కొక్కదాన్నే దాటుతోంది. ఎనిమిదోది. ఆరోది. నాలుగోది.

"ఒరే స్టెల్లాన్," గూడ్రున్ అతని చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి, "అది వస్తోందిరా."

"తెలుసక్కా."

"అది నిజంగా వస్తోందిరా!"

చివరి తిన్నటి దారి. ముందు బారన్, నల్లగా, నిబ్బరంగా, జనం సగంమంది డబ్బు మోసుకుంటూ. వెనక టుసిలాగో, ముక్కు ముందుకు చాపి. రెండింటి మధ్య రెండు గుర్రాల దూరం. స్టెల్లాన్ బుర్రలో చీటీ ఉంది, మేత ఉంది, గేటు దగ్గర క్రిస్టెర్ బండి ఉంది. బారన్ గెలవాలి. బారన్ గెలిస్తేనే రేపు పొద్దున జేబులో ఆ వెచ్చటి ఊపిరి. అతనికి అన్నీ తెలుసు. ఏమీ తెలియనివాడిలా కంచె ఎక్కి రెండు చేతులూ చాపాడు.

"టుస్సీ! రా తల్లీ! రా! రా నా బంగారం! పదవే! పద!"

వెనక మిగతా ఎనిమిదిమందికీ ఇంక అడ్డేమీ లేకుండా పోయింది. హెన్నింగ్ సాసేజీ గాల్లోకి ఎగిరింది. గూడ్రున్ ఏ భాషలో అరిచిందో ఆవిడకే తెలియాలి. మెడలు కలిశాయి. ఒక అడుగు బారన్‌ది, ఒక అడుగు టుసిలాగోది. గీత దగ్గర టుసిలాగో మెడ ముందుంది. ఫొటో కూడా అక్కర్లేదు, కళ్ళున్నవాళ్ళందరికీ కనిపించింది.

ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో చెప్పడం కష్టం. మూడేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడని ఇద్దరు వాటాదారులు కూడా మెడలు పట్టుకుని ఊగారు. కాస్సేపటికి చప్పుడు తగ్గింది. స్టెల్లాన్ కంచె దిగి, ఫోను వంక చూశాడు. ఏడో గడిలో ఎర్ర గుర్తు.

"పోయింది," అన్నాడు. "చీటీ పోయింది. నేను చెప్పిన మేకే పోయింది. క్షమించండి." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దానికి అతను సిగ్గుపడలేదు కూడా. క్రిస్టెర్ గేటు దగ్గర నుంచి మెల్లగా నడిచి వస్తున్నాడు.

హెన్నింగ్ కింద పడిన సాసేజీ వైపు దిగులుగా చూసి, తలెత్తాడు. "నాకు తెలీక అడుగుతా. గెలిచిన గుర్రానికి బహుమతి డబ్బు ఎవరికిస్తారు?"

అందరూ అతని వైపు తిరిగారు.

"గుర్రం గలవాళ్ళకి," అంది గూడ్రున్ చాలా నెమ్మదిగా. ఆ తర్వాత నెమ్మదిగా కాదు. "గుర్రం గలవాళ్ళకిరా! మనకి! ఒరేయ్ దద్దమ్మల్లారా, మనకి!"

నిజం. మూడేళ్ళలో ఆ గుర్రం గెలవకపోవడానికి వాళ్ళు ఎంతగా అలవాటుపడ్డారంటే, గెలిస్తే బహుమతి వస్తుందన్న సంగతే తొమ్మిదిమంది బుర్రల్లోంచీ జారిపోయింది. గుర్రాన్ని పోషించడానికి చీటీలు, సూత్రాలు, ఎర్ర సుద్దలు అన్నీ వెతికారు. పందెంలో ఉన్న గుర్రాన్నే వెతకలేదు. పోగైన సగానికి, తూవా వాటా పోను, ఇది కలిస్తే చలికాలం గట్టెక్కి ఇంకా మిగులుతుంది. నవ్వు ఎవరి దగ్గర మొదలైందో గాని ఆగలేదు. స్టెల్లాన్ కంచెకు ఆనుకుని కూలబడి మరీ నవ్వాడు.

క్రిస్టెర్ వచ్చి మర్యాదగా టోపీ తీశాడు. "అభినందనలు. నేను మాట మార్చే మనిషిని కాదు, కాకపోతే ఇందాకటి గుర్రం వేరు, ఇప్పటి గుర్రం వేరు. మొన్న చెప్పినదానికి మూడింతలిస్తాను. ఇప్పుడే."

నవ్వులు ఆగాయి. మూడింతలంటే ఒక్కొక్కరి వాటా తక్కువేం కాదు. చేతులెత్తేసిన నలుగురిలో ఒకడు గొంతు సవరించుకున్నాడు. తర్వాత స్టెల్లాన్ వైపు చూశాడు. మిగతావాళ్ళూ అటే చూశారు.

"లెక్కలవాడివి నువ్వే గదా," అంది గూడ్రున్. ఆవిడ గొంతులో వేళాకోళం లేదు. "లెక్క ఏం చెబుతోంది?"

స్టెల్లాన్ నిజాయితీగా ఆలోచించాడు. ఒక్కసారి గెలిచిన గుర్రం. మళ్ళీ గెలుస్తుందని ఏ పరీక్షా చెప్పదు. రేపు నాడాలు వేయక తప్పదు, చలికాలమంతా ఖర్చు, వసంతంలో మొదటి మలుపు దగ్గర మళ్ళీ ఒళ్ళు పులకరించవచ్చు.

"అమ్మేయమంటోంది," అన్నాడు. "ఇంతకంటే మంచి ధర ఇంకెప్పుడూ రాదు."

దూరంగా తూవా టుసిలాగోని చల్లబరచడానికి నడిపించుకొస్తోంది. గుర్రం వీపు మీద గెలుపు దుప్పటి, చెవులు నిక్కబొడుచుకుని, మూడేళ్ళుగా చూసే చూపే జనం వంక చూస్తోంది. కంచె దగ్గరికి రాగానే ఆగి, స్టెల్లాన్ కోటు జేబులో మూతి దూర్చింది.

"కాకపోతే," అన్నాడు స్టెల్లాన్, జేబులో చెయ్యి పెట్టి రొట్టె ముక్క విరుస్తూ, "నా పద్ధతికి మొదటి సూత్రం మీకందరికీ తెలుసు గదా. సొంత గుర్రానికి నా లెక్క వర్తించదు."

క్రిస్టెర్ టోపీ పెట్టుకున్నాడు. గూడ్రున్ స్టెల్లాన్ టోపీ కోసం ముందు వరసలో వంగి వెతకడం మొదలుపెట్టింది.